తొమ్మిదేళ్లుగా నా చేతికున్న నవాహో కడియం

అమెరికాలో అరిజోనా రాష్ట్రానికి, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌కి వచ్చిన కొత్తలో, గ్రాండ్ కాన్యన్ వెళ్లే దారిలో ఒక కొట్లో 60 డాలర్లు పెట్టి టర్కోయిజ్ అనే నీలి రాయి ఉంగరం కొన్నాను. ఇక్కడి ఆదివాసీ తెగ నవాహోల చేతిపని అన్నారు. ఆరు నెలలకే వేలు పచ్చబడింది. రాయి అంచు పెచ్చులూడి లోపల తెల్లటి ప్లాస్టిక్ కనబడింది. అలా అబద్ధం చెప్పి అమ్మడం 1990 నాటి అమెరికా చట్టం ప్రకారం నేరమని అప్పటికి నాకు తెలియదు. డబ్బు కంటే మోసపోయాననే బాధే ఎక్కువ.

2016లో నవాహోల ప్రాంతంలో ఉన్న గనాడోలోని హబుల్ ట్రేడింగ్ పోస్టుకి వెళ్లాం. హబుల్ అనే వ్యాపారి 1878లో కొన్న అంగడి అది, నడుస్తుంటే చెక్క నేల కిర్రుమంటుంది. ఈ కడియం అక్కడ కొన్నదే. 62 గ్రాముల స్టెర్లింగ్ (92.5 శాతం) వెండి, మధ్యలో అరిజోనాలోనే ఉన్న కింగ్‌మన్ గని రాయి ఒక్కటి, లోపలివైపు చేసినాయన పేరు పొడి అక్షరాలు. కౌంటర్లో ఉన్న పెద్దావిడ వేసుకునే తీరు చూపించారు: మణికట్టు పక్కనుంచి ఒక కొస ముందు దూర్చి, మెల్లగా తిప్పాలి. సాగదీసి నొక్కితే కొన్నాళ్లకి వెండి విరుగుతుందట. ఆ మాట పాటించాను, ఇప్పటికీ ఆకారం చెడలేదు.

అంచు పొడుగునా చిన్న చిన్న చంద్రవంకలు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఉక్కు అచ్చు మీద సుత్తితో కొట్టి వేసిందే. ఏడో వంక కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది. దాని మీద వేలు పెట్టి చూసుకోవడం నాకు అలవాటైపోయింది. నవాహోలలో మొదటి వెండిపనివాడిగా చెప్పుకునే అట్సిది సాని పేరుకి అర్థం 'ముసలి కమ్మరి' అని. ఆయన మొదట ఇనుము పని ఒక మెక్సికన్ కమ్మరి దగ్గర నేర్చుకున్నాడు. అమెరికా సైన్యం తరలించి పెట్టిన బాస్కీ రెడోండో చెర నుంచి 1868లో నవాహోలు సొంత నేలకి తిరిగొచ్చాక వెండిపని బాగా వ్యాపించింది. అప్పట్లో వెండి నాణేలు కరిగించి నగలు చేసేవాళ్లు.

ఇక ఇబ్బందులు. జూన్ ఎండలో కారులో మర్చిపోతే చేతికి వేసుకోగానే చురుక్కుమంటుంది. లాప్‌టాప్ మీద పని చేసేటప్పుడు తీసి పెట్టాల్సిందే. టర్కోయిజ్ నూనె పీల్చుకునే రాయి. కొన్న రోజు ఆకాశం రంగులో ఉండేది, తలనూనె, లోషన్ తగిలి తగిలి ఇప్పుడు ఒక పక్క ఆకుపచ్చగా తిరిగింది. నాకు అది నచ్చింది, అందరికీ నచ్చకపోవచ్చు.

అసలు దెబ్బ మా ఇంట్లోనే తగిలింది. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మ "ఇదేంటే, ఇంత నల్లబడింది" అని చింతపండు పెట్టి తోమేసింది. మన వెండి గిన్నెలకి అది మంచిదే. కానీ ఇందులో ముద్రల గుంటల్లో నలుపు కావాలని ఉంచుతారు, ఆ నలుపులోనే పనితనం కనబడుతుంది. అది పోయేసరికి చంద్రవంకలు దాదాపు మాయమయ్యాయి, రాయి మెరుపు తగ్గింది. అమ్మ బాధపడుతుందని ఏమీ అనలేదు. రెండేళ్లకి నలుపు దానంతట అదే వచ్చింది, రాయి మాత్రం మునుపటిలా కాలేదు. ఇప్పుడు పొడి మెత్తటి గుడ్డతో పైపైన తుడుస్తాను, అంతే.

మళ్లీ కొంటాను. ఈసారి రాయి లేకుండా, టఫా అనే మెత్తటి రాతిలో డిజైన్ చెక్కి, అందులో కరిగిన వెండి పోసి తీసిన కడియం. ఆ రాతి గరుకు వెండి మీద అలాగే దిగుతుంది. పోయినసారి గనాడోలో ఒకటి చేతికి వేసుకుని చూసి, మనసొప్పక పక్కన పెట్టి వచ్చాను.