మిద్దెతోటకు ‘జీవమున్న మట్టి’ సంచులు కొంటున్నారా? ముందు ఒక్క సంచి తెచ్చి పెసలు నాటి చూడండి

ఈ తొలకరికి మిద్దెతోట మొదలుపెట్టాలని మట్టి మిశ్రమం సంచులు కొనబోతున్నవారు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. పోయిన ఏడాది జూన్‌లో, మృగశిర కార్తె ప్రవేశించిన వారంలోనే, నేను ఆన్‌లైన్‌లో ఇరవై సంచులు ఒకేసారి తెప్పించాను. సంచి పది కిలోలు, ధర 380 రూపాయలు. మొత్తం 7,600. సంచి మీద పెద్ద అక్షరాలతో ‘జీవమున్న సేంద్రియ మట్టి, విప్పి నాటడమే’ అని ఉంది. విప్పాను, నాటాను. పదహారు రోజుల్లో ముప్పై రెండు నారు మొక్కల్లో ఇరవై ఏడు చచ్చిపోయాయి. ఐదు మాత్రం దక్కాయి. అవి ఎలా దక్కాయో చివర చెబుతాను.

అది నా మొదటి తోట. నర్సరీలో టమాటా, వంగ, మిరప నారు నేనే ఏరి తెచ్చుకున్నాను. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులు పదహారు వరుసగా పేర్చి, ఒక్కోదానిలో రెండేసి మొక్కలు పెట్టాం. మా అమ్మాయి రోజూ బడికి వెళ్లేముందు మేడ మీదికి పరుగెత్తి ఎన్ని ఆకులు వచ్చాయో లెక్కపెట్టేది. నాలుగో రోజు నుంచి ఆకుల అంచులు మాడాయి. ఆరో రోజుకు మట్టి పైన ఉప్పు పేరినట్టు తెల్లని పొర కనిపించింది. నీళ్లు తక్కువయ్యాయేమో అనుకుని ఇంకా పోశాను. అమ్మకందారుకు ఫోటోలు పంపితే, నీళ్లు ఎక్కువయ్యాయి అన్నాడు. రెండు రోజుల తర్వాత, మట్టిలో సూక్ష్మజీవులు పనిచేస్తున్నాయి కాబట్టి వేడి పుడుతుంది, అది మంచి లక్షణం అన్నాడు. కొత్తవాళ్లం కదా, నమ్మాం.

ఆ వారం మా నాన్నగారు ఊరి నుంచి వచ్చారు. నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. ఒక బ్యాగులో మణికట్టు దాకా చేయి పెట్టి వెంటనే తీసేశారు. పిడికెడు మట్టి ముక్కు దగ్గర పెట్టుకుని, “ఇది మాగలేదమ్మా. పచ్చి పేడ. దీనిలో మొక్క కాదు, కలుపు కూడా బతకదు” అన్నారు. అప్పటికి పది రోజులుగా ఆ వాసన నా ముక్కుకు తగులుతూనే ఉంది. ఎరువంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ముందుగా చెప్పాల్సిన మాట ఇదే. మాగిన ఎరువు కంపు కొట్టదు. తొలివాన పడ్డప్పుడు నేల నుంచి లేచే వాసన వస్తుంది. కళ్లు మండించే ఘాటు వాసన వచ్చినా, మురుగు వాసన వచ్చినా అది ఇంకా కుళ్లుతూనే ఉందని అర్థం. కుళ్లేటప్పుడు పుట్టే అమోనియా, వేడి లేత వేళ్లను కాల్చేస్తాయి. వేళ్ల దగ్గర ఉండాల్సిన గాలిని కూడా ఆ కుళ్లే పదార్థమే వాడేసుకుంటుంది.

మిగిలిన మట్టిని టార్పాలిన్ మీద పోసి జల్లెడ పట్టాం. రంపపు పొట్టు, నలిగిన ప్లాస్టిక్ కవరు ముక్కలు, రెండు చోట్ల గాజు పెంకులు బయటపడ్డాయి. పిల్లలతో కలిసి మట్టి కలిపేవారు గ్లౌజులు లేకుండా చేయి పెట్టనివ్వకండి. రంపపు పొట్టు తడిసి మట్టిలో కలిసిపోతే చూడటానికి మెత్తగా, నల్లగా, మంచి ఎరువులాగే ఉంటుంది. పచ్చిగా ఉన్న పొట్టును అరిగించుకోవడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి. మొక్క పసుపు పచ్చబడుతుంది. మనం పోషణ చాలలేదనుకుని ఇంకో సంచి కొంటాం.

ఒక సంచికి సరిపడే మట్టిని నాలుగు రోజులు ఆరబెట్టి తూచాను. ఐదు కిలోల ఆరు వందల గ్రాములు వచ్చింది. మిశ్రమంలోని కొబ్బరి పొట్టు నీరు పట్టి ఉంచుతుంది కాబట్టి కొంత తేమ సహజమే, అది కాదనను. కానీ పది కిలోల్లో దాదాపు సగం నీళ్లే. వర్మీ కంపోస్టు (వానపాముల ఎరువు) అని పేరు పెట్టి అమ్మితే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం దానికి తేమ, వాసన, కర్బనం, భార లోహాలు అన్నింటికీ కొలతలు ఉన్నాయి. ‘మట్టి మిశ్రమం’ అనే పేరుతో అమ్ముతున్నాను కాబట్టి ఆ కొలతలు నాకు వర్తించవని అమ్మకందారు నాతో వాదించాడు. అందుకే సంచి మీద ఏ పేరు ఉందో చూడండి. ఏ వస్తువు ఎంత పాళ్లలో కలిపారో రాయని మిశ్రమం కొనకండి.

ఇక ఆ తెల్లని పొర. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొబ్బరి పొట్టు ఇటుకలు విడిగా కొనేవారికి కూడా ఇదే ప్రమాదం ఉంది. కొబ్బరి పీచు తీయడానికి కాయ డొక్కలను నీళ్లలో నానబెడతారు. అవి తీరం దగ్గరి ఉప్పు నీళ్లయితే పొట్టులో సోడియం చేరుతుంది. మంచి నీళ్లయినా, డొక్కలో సహజంగానే పొటాషియం, క్లోరైడ్లు ఎక్కువ. బాగా కడిగి అమ్మాలి. కడగడానికి నీళ్లు, రోజులు, మనుషులు కావాలి. కడగకుండానే అమ్మితే చూపుకు తేడా తెలియదు. ఇంట్లో తాగునీటిలో కరిగిన లవణాలను చూసే చిన్న టీడీఎస్ మీటర్‌తో పట్టుకోవచ్చు. ఒక గ్లాసు మట్టికి రెండు గ్లాసుల ఆర్‌ఓ నీళ్లు కలిపి, అరగంట ఆగి, పలుచని గుడ్డలో వడకట్టి మీటర్ ముంచాను. ఆర్‌ఓ నీళ్లు 40 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) చూపించిన మీటర్ ఈ నీళ్లలో 2,900 చూపించింది. మా పక్కింటి పిన్నిగారు మూడేళ్లుగా తోటకూర పండిస్తున్న తొట్టి మట్టికి అదే పద్ధతిలో 610 వచ్చింది. ఇప్పుడు నేను 800 దాటిన మట్టిలో నారు పెట్టడం లేదు.

మీటర్ లేకపోయినా ఫరవాలేదు. నేను అందరినీ వేడుకునేది ఒక్కటే. ఇరవై సంచులు కొనాలనుకుంటే ముందు ఒక్కటి తెప్పించండి. పిడికెడు మట్టిని తడిపి, గాలి పోకుండా కవరులో కట్టి మూడు రోజులు నీడలో ఉంచి, విప్పి వాసన చూడండి. ఘాటుగా కొడితే తిప్పి పంపించండి. వాసన బాగుంటే రెండు కుండీలు తీసుకుని, ఒకదానిలో ఆ మట్టి, రెండోదానిలో మీకు నమ్మకమున్న తోట మట్టి పోసి, ఇరవైయేసి పెసలు నాటండి. మూడు నాలుగు రోజుల్లో మొలకలు లేస్తాయి, కానీ అక్కడితో ఆగకండి, పదో రోజు దాకా చూడండి. మొలకల సంఖ్య, అంచుల రంగు, వేళ్ల తెలుపు రెండు కుండీల్లో పోల్చండి. ఆకులు దోసిలిలా ముడుచుకుని, కాడలు మెలిక తిరిగితే ఆ ఎరువులో కలుపు మందు మిగిలి ఉందని అనుమానించాలి. పప్పుజాతి మొక్కలు దానికి త్వరగా లొంగిపోతాయి. నేను ఈ పరీక్ష ఆలస్యంగా చేశాను. తోట మట్టిలో పంతొమ్మిది మొలిచాయి. సంచి మట్టిలో ఆరు మొలిచి, వాటిలో నాలుగు వారంలో వాలిపోయాయి. గుప్పెడు పెసలతో తేలిపోయే విషయానికి నేను 7,600 కట్టాను.

కొన్నవారు రాసే అభిప్రాయాలు (రివ్యూలు) చూసి మోసపోకండి. నేనూ నాలుగున్నర నక్షత్రాలు చూసే కొన్నాను. తర్వాత ఓపికగా చదివితే, చాలా వరకు సంచి అందిన రోజో మర్నాడో రాసినవి. ప్యాకింగ్ బాగుంది, త్వరగా వచ్చింది అని. మట్టి మంచిదో కాదో నెల తిరగనిదే తెలియదు. నెల తర్వాత, మొక్క ఫోటోతో రాసిన అభిప్రాయాలు మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

డబ్బు సంగతి. విప్పిన సంచి వాపసు తీసుకోబోమన్నారు. నష్టపరిహారంగా ‘సూక్ష్మజీవుల పొడి’ పొట్లం ఒకటి ఉచితంగా పంపారు. దాని మీద తయారీ తేదీ లేదు, గడువు తేదీ లేదు, ఏ జీవి ఎంత ఉందో లేదు. ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం, సూడోమోనాస్ అనే బాక్టీరియా వంటివి నిజంగానే మేలు చేస్తాయి, కానీ అవి ప్రాణమున్నవి. గడువు దాటినా, గోదాములో ఎండకు మగ్గినా ఆ పొట్లంలో మిగిలేది ఉత్త పొడే. నేను జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. సంచి మీద తయారైన నెల, సంవత్సరం లేవు. అమ్మకానికి ప్యాక్ చేసిన వస్తువు మీద అవి, చిరునామా, నికర బరువు, ఎమ్మార్పీ ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఫోటో, తూకం వీడియో జతచేశాను. మూడు వారాలకు సగం డబ్బు వెనక్కి వచ్చింది. సంచి విప్పేటప్పుడు కూడా వీడియో తీసి ఉంటే మొత్తం అడిగేదాన్ని. మీరు తప్పకుండా తీయండి.

ఆ మట్టిని పారేయలేదు. ప్లాస్టిక్, గాజు ఏరేసి, ఏటవాలుగా పరిచిన టార్పాలిన్ మీద పోసి, ఆషాఢం వానలకు ఉప్పు కారిపోనిచ్చాం. తర్వాత సమానంగా ఎర్రమట్టి, కొంచెం వేపపిండి కలిపి, పైన ఎండుటాకులు కప్పి నీడలో ఉంచాం. ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారి జీవామృతం కొలతను పదో వంతుకు తగ్గించుకుని, ఇరవై లీటర్ల నీళ్లకు కిలో ఆవు పేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు చెట్టుకింది మట్టి వేసి, రెండు రోజులు పులియబెట్టి, పదింతల నీళ్లు కలిపి వారానికోసారి చల్లాం. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందు రాత్రే బకెట్లో పట్టి మూత లేకుండా ఉంచేవాళ్లం. పిడికిట్లో నొక్కితే ముద్దయ్యి, వేలితో తాకితే విరిగేంత తడి చాలు. వారానికోసారి తిరగేశాం. ఆరు వారాలకు లోపలి వేడి పోయింది, పైకి వానపాములు కనిపించాయి. మళ్లీ పెసలు నాటితే ఇరవైలో పద్దెనిమిది మొలిచాయి. ఆ తర్వాతే బచ్చలి, గోరుచిక్కుడు వేశాం. మట్టికి జీవం రావడానికి మాకు అన్ని రోజులు పట్టింది. ‘విప్పి నాటడమే’ అన్న మాట ఎక్కడ కనిపించినా నేనిప్పుడు ముందు ఆ మట్టి ఎన్ని రోజులు మాగిందని అడుగుతున్నాను. జవాబు చెప్పలేని దుకాణం నుంచి కొనడం లేదు.

ఇప్పటికే ఇలాంటి సంచి విప్పి నాటేసినవారు ఉంటే, ఆకుల అంచు మాడగానే ఎరువు వేయకండి, మందు కొట్టకండి. సాయంత్రం చల్లబడ్డాక మొక్కను వేళ్లతో సహా నెమ్మదిగా తీసి, మంచినీళ్లలో మట్టి వదిలేదాకా ముంచి, ఏ ఎరువూ లేని ఎర్రమట్టి, ఇసుక కలిపిన చిన్న కుండీలోకి మార్చండి. ఐదు రోజులు ఎండ తగలనివ్వకండి. మా నాన్నగారు ఆ రోజు పచ్చదనం మిగిలిన తొమ్మిది మొక్కలను అలా మార్చారు. ఐదు దక్కాయి. మూడు వంగ, రెండు మిరప. కార్తీకంలో వంకాయలు కోశాం.