పెరటి యాపిల్‌కు ఏది మేలు: మందా, మట్టిపూతా, కవరా?

సియాటిల్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్ల పెరళ్లలో ఒకటో రెండో యాపిల్ చెట్లు తరచుగా కనిపిస్తాయి. అక్కడ కాయను పాడుచేసేవి ముఖ్యంగా రెండు. కాడ్లింగ్ మాత్ అనే రెక్కల పురుగు గుడ్ల నుంచి వచ్చే గొంగళిపురుగు కాయను తొలుచుకుంటూ నేరుగా గింజల దాకా పోతుంది. కాయ మీద చిన్న రంధ్రం, దాని అంచున రంపపు పొట్టులాంటి రెట్ట కనిపిస్తే అదే. రెండోది యాపిల్ మాగట్, ఒక రకం పండుఈగ. జూలై నుంచి తొక్క కింద గుడ్లు పెడుతుంది. పైన సూదిమొన గుచ్చినంత గుంట తప్ప ఏమీ తెలియదు. కోస్తే మాత్రం కండ నిండా గోధుమరంగు చారలు.

మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది వేపనూనె. కానీ పురుగు కాయలోకి దూరాక పైన ఏది కొట్టినా దండగే. సేంద్రియ సాగులోనూ వాడే స్పైనోసాడ్ అనే మందు రెండింటి మీదా పనిచేస్తుంది. అయితే పురుగు లోపలికి దూరకముందే మందు తొక్క మీద ఉండాలి. టైమింగ్ తప్పకూడదు, లేబుల్‌లో చెప్పినన్ని రోజులకోసారి మళ్లీ కొట్టాలి. తడి ఆరేదాకా అది తేనెటీగలకు విషం కాబట్టి పూత మీద అసలు కొట్టొద్దు, తర్వాతైనా పొద్దుగూకాకే కొట్టాలి. పిల్లలు ఆడుకునే పెరట్లో వేసవంతా ఈ టెన్షన్ ఎందుకు?

కయోలిన్ అనే తెల్ల బంకమట్టిని నీళ్లలో కలిపి చల్లితే చెట్టుకు సున్నం కొట్టినట్టవుతుంది. ఆ పొర మీద గుడ్లు పెట్టడానికి పురుగులు ఇష్టపడవు. విషం కాదు, అది నిజంగా మంచి గుణం. కానీ వానకు కడుక్కుపోతుంది, కాయ ఊరేకొద్దీ ఆ పొర పలచబడుతుంది. సియాటిల్ జూన్‌లో దీన్ని నిలబెట్టడం కష్టం.

చేతికందే చెట్టయితే నా ఓటు కాగితం కవర్లకే. మన మామిడి రైతులు కాయలకు తొడుగుతున్న కవర్ల పద్ధతే ఇదీ. పూత రాలిన ఆరు వారాల లోపు, పిందె అంగుళం దాటకముందే తొడగాలి. ముందుగా గుత్తికి ఒక్క పిందె ఉంచి మిగతావి తుంచేయాలి. ఇక్కడే చాలామందికి చేతులు రావు. తుంచండి, మిగిలిన కాయ బాగా ఊరుతుంది, వచ్చే ఏడాది పూతా బాగుంటుంది. కవర్ మూతిని తొడిమ చుట్టూ సందు లేకుండా మడిచి పిన్ను కొడితే రెండు పురుగులూ ఆగుతాయి. నైలాన్ తొడుగులు చవకే గానీ ఈగను ఆపినంతగా కాడ్లింగ్ మాత్‌ను ఆపవు. కవర్‌లో కాయకు ఎరుపు తక్కువ వస్తుంది. రంగు కోసం ముందే విప్పితే అప్పటికింకా ఈగలు తిరుగుతుంటాయి, నేనైతే విప్పను.

ఆడ పురుగు వాసనతో ఆకర్షించే లింగాకర్షక బుట్టల్లో పడేవి కాడ్లింగ్ మాత్ మగ పురుగులే. పురుగు ఎప్పుడొచ్చిందో తెలుసుకోవడానికి పనికొస్తాయి, ఒకటి రెండు చెట్లను కాపాడలేవు.

చెట్టు మరీ ఎత్తుగా ఉంటే నిచ్చెనెక్కి కవర్లు కట్టే సాహసం వద్దు. ఈ ఏడాదికి కయోలిన్‌తోనో స్పైనోసాడ్‌తోనో సరిపెట్టుకుని, చలికాలంలో కొమ్మలు కత్తిరించి రెండు మూడేళ్లలో చెట్టును కిందికి దించండి. ఏ పద్ధతి పాటించినా రాలిన కాయల్ని వెంటవెంటనే ఏరి మూటకట్టి చెత్తబుట్టలో వేయండి. వాటిలోని మాగట్ పురుగులు మట్టిలోకి దిగి వచ్చే వేసవికి ఈగలై లేస్తాయి. పెరటి కాయల్ని, ఇదే రాష్ట్రంలో యాపిల్ తోటలుండే వెనాచీ, యాకిమా వైపు కారులో తీసుకెళ్లకండి. అక్కడి తోటలకు ఈ ఈగ పాకకుండా క్వారంటైన్ నిబంధన ఉంది.