ఆడిట్ ఆఫీసులో రెండేళ్లు: జార్జ్ హారిసన్ 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్'

నెలలో 20వ తేదీ వచ్చిందంటే మా ఆఫీసులో టిఫిన్ బాక్సులు మూడింటికి గానీ తెరుచుకోవు. కడపలో ఏడు రోడ్లకు దగ్గర్లో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తున్నాను. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు డీలర్లు, రెండు బట్టల షాపులు, అందరూ నెలనెలా వేసే జీఎస్టీ 3బి రిటర్నులకూ అదే ఆఖరు రోజు. బిల్లులు క్యారీ బ్యాగులో కుక్కి తెచ్చేవాళ్లు కొందరు, వాట్సాప్‌లో మసక ఫొటోలు పంపేవాళ్లు కొందరు. రెండేళ్లుగా ఆ రోజులు గడవడానికి నేను చెవిలో పెట్టుకున్నది ఈ ఒక్క ఆల్బమే.

1970 నవంబర్‌లో వచ్చింది. హారిసన్ బీటిల్స్ అనే ఇంగ్లండు బ్యాండులో గిటారిస్టు. అందులో ఉన్నన్నాళ్లూ తోటివాళ్లు లెనన్, మెకార్ట్నీల పాటలకే చోటంతా పోయేది. హారిసన్‌కు మామూలుగా ఆల్బమ్‌కి ఒకటో రెండో దక్కేవి. ఈ టైటిల్ పాటను కూడా 1969 జనవరిలో బీటిల్స్‌తో వాయించి చూసి పక్కన పెట్టేశారు. గ్రూపు విడిపోయాక పెండింగ్ ఫైళ్లన్నీ ఒక్కసారే క్లియర్ చేసినట్టు మూడు ఎల్పీ రికార్డులు నింపాడు.

మొదటి పాట అమెరికా గాయకుడు బాబ్ డిలన్‌తో కలిసి రాసింది. చాలా నెమ్మది. పొద్దున సిస్టమ్ ఆన్ చేసి లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ తెరుచుకునేదాకా సరిగ్గా సరిపోతుంది. నాకు బాగా నచ్చింది మాత్రం 'వా-వా'. రిహార్సల్ మధ్యలో విసిగిపోయి లేచి ఇంటికి వెళ్లిపోయిన రోజున రాసుకున్న పాట అది. మనకు లేచి వెళ్లిపోయే వీలెక్కడిది, అందుకే 20వ తేదీ మధ్యాహ్నం దాన్నే రెండుసార్లు పెట్టుకుంటాను.

కానీ ఈ ఆల్బమ్‌కున్న పెద్ద లోపం కూడా అక్కడే తెలుస్తుంది. హారిసన్‌తో పాటు నిర్మాతగా ఉన్న ఫిల్ స్పెక్టర్ పద్ధతి ఏంటంటే, ఒకే వరసను నలుగురైదుగురితో కలిపి వాయించి దాని మీద ఎకో దట్టంగా పూయడం. పెళ్లి మండపంలో మైకు పెట్టి పాడినట్టు, గొంతు ఎక్కడో వెనక ఉండిపోతుంది. తర్వాత్తర్వాత హారిసన్‌కే ఆ హంగు ఎక్కువైందనిపించింది. 2021లో గొంతు, వాయిద్యాల పాళ్లు మళ్లీ సర్ది ఇచ్చిన కొత్త మిక్స్‌లో గొంతు ముందుకొచ్చింది. చవక ఇయర్‌ఫోన్లు వాడేవాళ్లు అదే వినండి. అయితే జెరాక్స్ మిషను, ఫ్యాను, పక్క సీట్లో ఫోన్‌లో గొడవ, వీటన్నిటినీ కప్పేయాలంటే పాత మిక్స్‌దే పైచేయి.

ఒక సంగతి ఆలస్యంగా తెలిసింది. సార్ పిలిస్తే వినపడాలని ఎడమ చెవిలో మాత్రమే పెట్టుకునేవాణ్ని. ఆర్నెల్లు అలాగే విన్నాను. ఒక ఆదివారం ఇంట్లో రెండు చెవులకూ పెట్టుకుంటే, కుడి వైపు నాకు తెలియని గిటార్లు మోగుతున్నాయి! సగం ఆల్బమే విన్నానన్నమాట. ఫోన్ సెట్టింగుల్లో మోనో ఆడియో అని ఉంటుంది, అది ఆన్ చేస్తే రెండు వైపులదీ ఒకే చెవిలోకి వస్తుంది.

ఇక మూడో ఎల్పీ. 'యాపిల్ జామ్' అని పేరు. స్టూడియోలో అందరూ సరదాగా వాయించుకున్నది రికార్డు చేసి అలాగే ఇచ్చేశారు. అందులో ఒకటి 11 నిమిషాలు దాటి సాగుతుంది. దండగ అని చాలామంది దాటేస్తారు, నేనూ దాటేసేవాణ్నే. ఒకరోజు మాటలున్న పాట వింటూ, దానితో పాటు లోపల్లోపల పాడుకుంటూ, బెంగళూరు పార్టీకి వెళ్లిన బండల లోడును, వేరే రాష్ట్రపు అమ్మకాలకు వేసే ఐజీఎస్‌టీలో కాకుండా, సొంత రాష్ట్రంలో అమ్మకాలకు వేసే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీల కింద వేసేశాను. సార్ చూశాడు కాబట్టి సరిపోయింది, పడాల్సిన తిట్లు పడ్డాయి. అప్పట్నుంచి ఎంట్రీలు కొట్టేటప్పుడు యాపిల్ జామ్ తప్ప ఇంకేదీ పెట్టను. చిన్న పుట్టినరోజు పాట ఒక్కటి వదిలేస్తే మాటలే లేవు, కాబట్టి మనసు అంకెల మీదే ఉంటుంది. తీరిగ్గా కూర్చుని వినేవాళ్లకు మాత్రం నేను చెప్పను, విసుగే.

టైటిల్ పాటను ఆఖరి రిటర్ను వెళ్లి, అది అందినట్టు ఏఆర్ఎన్ నంబరు మెసేజ్ వచ్చేదాకా ముట్టుకోను. అదొక పిచ్చి అలవాటు.

'మై స్వీట్ లార్డ్' అందరికీ తెలిసిందే. దాని బాణీ 'హీ ఈజ్ సో ఫైన్' అనే పాత పాటదేనని కేసు నడిచి, తెలియకుండానే కాపీ కొట్టాడని 1976లో కోర్టు తేల్చింది. నాకు మాత్రం ఆ పాట అంటే గుర్తొచ్చేది మా క్లయింట్ ఒకాయన. ఎర్రగుంట్ల వైపు బండల ఫ్యాక్టరీ. బిల్లులు టేబుల్ మీద పోసి, "ఏం వింటాండావ్ అబ్బీ?" అని నా ఇయర్‌ఫోన్ తీసి తన చెవిలో పెట్టుకున్నాడు. పాట చివరికొచ్చింది, వెనక కోరస్‌లో హరే కృష్ణ అయిపోయి గురుబ్రహ్మ శ్లోకం మొదలైంది. ఆయన మొహం చూడాలి. "ఇదేందిరా, ఇంగ్లీషోడు మన గురుబ్రహ్మ సదువుతాండాడు!" అని ఆఫీసంతా వినపడేలా అరిచి, అక్కడే నిలబడి మళ్లీ మొదటి నుంచి విన్నాడు. పోతూ పోతూ ఆ పాట వాట్సాప్‌లో పంపమన్నాడు.

పంపాను. బిల్లులు మాత్రం ఇప్పటికీ 19వ తేదీ సాయంత్రమే తెస్తాడు.