వించ్ బండి, మూడు మజిలీలు, ఒక చచ్చిన సెల్లు

బావ వించ్ (కూరుకుపోయిన బండిని రోప్‌తో లాగే మోటరు) రిమోట్ బటన్ నొక్కుతున్నాడు, బంపర్ దగ్గర దానికి కరెంటు కలిపే కాంటాక్టర్ టక్ మంటోంది, రోప్ చుట్టే డ్రమ్ము మాత్రం కదలట్లేదు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ టక్. డాష్‌బోర్డు లైట్లన్నీ మసకబారి మళ్ళీ వెలిగాయి, మూడోసారి నొక్కేసరికి ఇంజినే ఆగిపోయింది. ముందు చక్రాలు ఒడ్డెక్కాయి, వెనక చక్రాలు వాగు బురదలో యాక్సిల్ దాకా దిగిపోయాయి, రోప్ చెట్టుకి బిగుసుకుని ఉంది. "బావా ఇంక నొక్కకు" అన్నా. "నొక్కకపోతే ఎలా వస్తుందిరా?" అన్నాడు. నొక్కినా రాదని ఇద్దరికీ తెలుసు.

నాలుగు రోజుల ట్రిప్, రెండు బళ్ళు, మూడు రాత్రులు మూడు చోట్ల. వచ్చాక అందరూ రూములు ఎలా ఉన్నాయి, వ్యూ ఎలా ఉంది అని అడుగుతున్నారు కానీ నాకు ఆ మూడు చోట్లూ గుర్తుండిపోయింది అక్కడ మా బ్యాటరీ ఎలా పడుకుంది, పొద్దున ఎలా లేచింది అన్న దాన్ని బట్టే. కాబట్టి మార్కులు కూడా అలాగే వేస్తాను, ఏమనుకోవద్దు.

మొదటి రాత్రి కొండ మీద గెస్ట్‌హౌస్. రూములు శుభ్రంగా ఉన్నాయి, మనిషి మర్యాదగా ఉన్నాడు, పార్కింగ్‌కి రేకుల షెడ్డు కూడా ఉంది, వ్యూకి వంక పెట్టడానికి లేదు. కరెంటు మాత్రం జనరేటర్ మీద రాత్రి పది దాకే, షెడ్డులో ప్లగ్ పాయింటే లేదు. అయినా ఆయన్ని అని ఏం లాభం, మేం చార్జర్ తీసుకెళ్ళందే. దానికి తోడు బండిలో చిన్న ఫ్రిజ్ ఉంది, అది రాత్రంతా స్టార్టింగ్ బ్యాటరీ మీదే నడిచింది. పొద్దున కీ తిప్పితే ఎప్పుడూ ఠక్కున అందుకునే ఇంజిన్ ఆ రోజు బద్ధకంగా గుర్రు గుర్రుమని లేచింది. మల్టీమీటర్ పెట్టి చూసుంటే 12.2 వోల్టులు చూపించేదేమో, అంటే సగం ఖాళీ అన్నమాట (మామూలు ద్రవం బ్యాటరీకి కాసేపు ఊరికే ఉంచాక 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 దగ్గర ముప్పావు, 12.0కి దిగితే పావు వంతే మిగిలినట్టు). చూడలేదు. చలికి అలా ఉందిలే అనుకుని బయల్దేరాం. అక్కడికి వచ్చే రాళ్ళబాట మీద గంటల తరబడి బండి దడదడలాడిన సంగతి కూడా అప్పుడు లెక్కలోకి రాలేదు.

వాగు దగ్గర జరిగింది పైనే చెప్పాను. ఎందుకు జరిగింది అన్నది ఇప్పుడు లెక్క వేస్తే నవ్వొస్తోంది. మాది 9500 పౌండ్ల వించ్, అంటే 4300 కిలోల చిల్లర. లోడు లేకుండా రోప్ చుట్టడానికే అరవై డెబ్భై ఆంప్స్ తాగుతుంది, ఫుల్ లోడులో 400 దాటుతుంది. బురదలో కూరుకున్న బండిని లాగేటప్పుడు సగటున 300 అనుకుందాం, మేం ఆపి ఆపి లాగింది మొత్తం నాలుగు నిమిషాలు, అంటే 20 ఆంపియర్-అవర్లు పోయాయి. మా బ్యాటరీ మీద 70 ఆంపియర్-అవర్లు అని రాసి ఉంది కదా, ఇరవై పోతే యాభై మిగలాలి కదా అంటాడు బావ. ఆ 70 అనేది ఇరవై గంటల పాటు మూడున్నర ఆంప్స్ చొప్పున మెల్లగా తీస్తే వచ్చే లెక్క, ఒక్కసారిగా 300 లాగితే అందులో చాలా వరకు బయటికే రాదు, వోల్టేజ్ ముందే కూలిపోతుంది. పైగా మేం పొద్దున బయల్దేరిందే సగం బ్యాటరీతో.

మరి ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఏం చేస్తోంది అంటారా. ఐడిల్‌లో మా బండిది నలభై యాభై ఆంప్స్ ఇస్తే గొప్ప, అందులో ఇరవై దాకా ఫ్యాన్లకీ లైట్లకీ ఇంజిన్‌కే పోతుంది. మిగిలిన పాతిక ముప్పైతో ఆ నాలుగు నిమిషాల అప్పు తీరాలంటే ముప్పావు గంటైనా పడుతుంది. అందుకే వించ్ వాడేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచి 1500 ఆర్‌పీఎం పైన పట్టుకోవాలి, ఒక నిమిషం లాగి కొన్ని నిమిషాలు ఆగాలి, అది మోటర్ చల్లారడానికీ మంచిదే, బ్యాటరీ ఊపిరి పీల్చుకోవడానికీ మంచిదే. మేం ఆగింది పది పది సెకన్లు.

బయటపడింది రెండో బండి పుణ్యమాని. వాళ్ళ వించ్ రోప్‌ని మా బండికి పెట్టిన పుల్లీ బ్లాక్ గుండా తిప్పి మళ్ళీ వాళ్ళ బండికే హుక్ చేశారు, లాగే బలం దాదాపు రెట్టింపు, రోప్ మీద బరువు సగం, ఆంప్స్ కూడా ఆ మేరకు తగ్గుతాయి, స్పీడు సగం అవుతుంది అంతే. ఆ పుల్లీ మా డిక్కీలో కూడా ఉంది. సంచీ కూడా విప్పలేదు ఎప్పుడూ.

రెండో రాత్రి నది ఒడ్డున టెంట్ క్యాంప్. చోటు మాత్రం ఈ ట్రిప్ మొత్తానికి అదే బెస్ట్, మట్టి చదునుగా ఉంది, పక్క టెంట్లు దూరంగా ఉన్నాయి, నిర్వాహకులు టార్చ్ పట్టుకుని బండి దగ్గర దాకా వచ్చారు. కరెంటు అన్న మాటే లేదు, ఆ విషయం వాళ్ళు ముందే చెప్పారు కాబట్టి మార్కులు తగ్గించను. రెండో బండి బ్యాటరీ నుంచి జంపర్ కేబుల్‌తో స్టార్ట్ చేసి చార్జ్ అవుతుందిలే అని గంట సేపు ఇంజిన్ నడిపాం, నిశ్శబ్దం కోసం వచ్చిన వాళ్ళ మధ్య డీజిల్ ఇంజిన్ గంట నడిపితే ఎవరు ఊరుకుంటారు, మధ్యలో ఒకాయన వచ్చి "ఇంకెంతసేపండీ" అని చాలా మర్యాదగా అడిగాడు. ఆపేశాం. ఫ్రిజ్ కూడా ఆపేశాం. రాత్రి 12.4 చూపించింది, హమ్మయ్య అనుకుని పడుకున్నాం, పొద్దున లేచి చూస్తే 10.4.

ఫ్రిజ్ లేదు, లైట్లు లేవు, రెండు వోల్టులు ఎటు పోయాయి? బ్యాటరీ లోపల రెండేసి వోల్టుల సెల్లులు ఆరుంటాయి, వాటిలో ఒకటి పోతే సరిగ్గా అంతే తగ్గుతుంది. అది చార్జ్ లేని బ్యాటరీ కాదు, చచ్చిన బ్యాటరీ.

మూడో రోజు మళ్ళీ జంపర్ పెట్టి, ఎక్కడా ఇంజిన్ ఆపకుండా దగ్గర్లో ఉన్న టౌన్‌లో ఒక వర్క్‌షాప్‌కి చేరాం. అక్కడి మెకానిక్ పెద్దాయన, మాట తక్కువ. వించ్ వైపు చూడను కూడా చూడలేదు, బానెట్ ఎత్తి బ్యాటరీని రెండు చేతులతో పట్టుకుని ఇటూ అటూ ఊపాడు. రెండు వేళ్ళ సందు కదిలింది. "ఇది ఎన్నాళ్ళ నుంచి ఇలా ఊగుతోంది బాబూ?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ట్రేలో ప్లాస్టిక్ ఒక మూల అరిగిపోయి నున్నగా మెరుస్తోంది, పైన క్లాంప్ ఉంది కానీ దాని బోల్టు ఒకవైపు అసలు లేనే లేదు.

తర్వాత మూతలు తీసి హైడ్రోమీటర్‌తో (ద్రవం సాంద్రత కొలిచే గొట్టం) ఒక్కో సెల్లు లోంచీ ద్రవం పీల్చి చూపించాడు. నాలుగు సెల్లులు పర్వాలేదు, ఐదోది కాస్త తక్కువ, మూడో సెల్లులో మాత్రం గాజు గొట్టంలోకి వచ్చిన నీళ్ళు వాన పడ్డాక గుంటలో నీళ్ళలా మట్టి రంగులో ఉన్నాయి, తేలాల్సిన బొడిపె అడుగున కూర్చుంది. ప్లేట్ల మీద పూత కుదుపులకి రాలి అడుగున పేరుకుంటుందట, ఆ పేరుకున్నది ప్లేట్ల అంచు దాకా వచ్చిందంటే లోపలే షార్ట్. నేనైతే వించే బ్యాటరీని చంపింది అనుకున్నా. చంపింది రాళ్ళబాటా, లేని బోల్టూనూ. వించ్ మీద నేరం మోపి ఊరుకుని ఉంటే కొత్త బ్యాటరీ కూడా అదే ట్రేలో అదే చావు చచ్చేది.

ఇక ఏది కొనాలి అన్న దగ్గర బావకీ నాకూ గంట వాదన. బావకి సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) అంకె ఎక్కువ ఉన్నదే కావాలి. ఆ అంకె చెప్పేది ఏంటంటే మైనస్ 18 డిగ్రీల చలిలో ముప్పై సెకన్ల పాటు వోల్టేజ్ 7.2కి దిగకుండా ఎన్ని ఆంప్స్ ఇస్తుంది అని. స్టార్టర్ మోటర్‌కి అది సరిగ్గా సరిపోయే కొలత, వించ్ అడిగేది నిమిషాలు. దానికి చూడాల్సింది రిజర్వ్ కెపాసిటీ, అంటే 25 ఆంప్స్ చొప్పున తీస్తుంటే 10.5కి దిగేలోపు ఎన్ని నిమిషాలు నిలబడుతుంది అని. సీసీఏ అక్కర్లేదని అనట్లేదు, 400 ఆంప్స్ ఇవ్వగలగాలి కదా, కానీ స్టార్టింగ్ కోసమే చేసిన వాటిలో పల్చటి ప్లేట్లు ఎక్కువ పెట్టి ఆ అంకె పెంచుతారు, వాటిని లోతుగా ఖాళీ చేస్తే తొందరగా పోతాయి.

లిథియం అన్నాడు మా రెండో బండి కుర్రాడు. బరువు తక్కువ, ఖాళీ చేసినా బాధపడదు, ఫ్రిజ్‌కి బంగారం లాంటిది, ఒప్పుకుంటా. వించ్ దగ్గర మాత్రం లోపల ఉన్న బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) చూసుకోవాలి, చాలా వాటిలో 100, 200 ఆంప్స్ దాటితే అది కట్ చేసేస్తుంది, సగం ఒడ్డెక్కిన బండికి ఆ క్షణంలో కరెంటు పోతే ఏమవుతుందో ఊహించుకోండి. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు, ఇంజిన్ పక్క వేడి కూడా పడదు. జెల్ బ్యాటరీ గురించి ఎవరో అడిగారు, అంత కరెంటు ఒక్కసారి లాగడానికి అది పనికిరాదు, వదిలేయండి.

చివరికి ఏజీఎం తీసుకున్నాం. ప్లేట్ల మధ్య గాజు పీచు చాప ఉంటుంది, ద్రవమంతా అందులోనే ఇంకి ఉంటుంది, మొత్తాన్ని ఒత్తి బిగిస్తారు కాబట్టి కుదుపులకి పూత రాలడం చాలా తక్కువ, బండి ఒరిగినా ఒలకదు. ఆప్టిమా వాళ్ళ చుట్టలు చుట్టినట్టుండే సెల్లులు, ఒడిస్సీ వాళ్ళ పల్చటి శుద్ధ సీసం ప్లేట్లు, ఇవన్నీ ఈ ఏజీఎం కుటుంబమే. ఆప్టిమాలో ఎర్ర మూతది స్టార్టింగ్‌కి, పసుపు మూతది స్టార్టింగ్‌తో పాటు లోతుగా వాడటానికి కూడా, రంగు చూసి ఏదో ఒకటి పట్టుకొచ్చేయకండి. దీనికీ అలకలున్నాయి. చార్జింగ్ 14.4 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉంటే సంతోషం, మా ఆల్టర్నేటర్ టెర్మినల్ దగ్గర 14.4 ఇస్తోందని కొలిచాకే సరే అన్నాం, ఈమధ్య కొన్ని బళ్ళల్లో ఆల్టర్నేటర్ తనంతట తనే వోల్టేజ్ తగ్గించేసుకుంటుంది, అలాంటి వాటికి వేరే లెక్క. వేడి కూడా పడదు, పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం అనేది పాత మాటే, అందుకే టర్బో వైపు ఒక రేకు అడ్డం కట్టించాం. కొనేముందు తయారీ తేదీ చూశాం, నెలల తరబడి షెల్ఫులో కూర్చున్నది కొత్తదైనా పాతదే.

పెద్దాయన అంతటితో వదల్లేదు. కొత్త బ్యాటరీ పెట్టి, వించ్‌ని ఒక లోడు లారీకి తగిలించి లాగించాడు. బ్యాటరీ దగ్గర 11.3, వించ్ మోటర్ దగ్గర 9.8. ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతోంది! నెగటివ్ కేబుల్‌ని ఛాసిస్‌కి బిగించిన చోట తుప్పు, చెయ్యి పెడితే చురుక్కుమంది. వోల్టేజ్ తగ్గితే మోటర్ నెమ్మదిస్తుంది, అదే దూరానికి ఎక్కువసేపు లాగాలి, ఎక్కువ వేడెక్కుతుంది. కొత్త 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి వేశాడు, పాజిటివ్‌లో వించ్‌కి కరెంటు ఆపేసే ఒక ఐసోలేటర్ స్విచ్. ఫ్రిజ్‌కి రెండో బ్యాటరీ, మధ్యలో వోల్టేజ్ 13.3 దాటితే కలిపి 12.8కి దిగితే విడదీసే రిలే వేసుకోండి అన్నాడు, అది ఇంకా చేయించలేదు. ఈ వర్క్‌షాప్‌కి మాత్రం పదికి పది. ఎంత టైం పట్టినా ప్రతి రీడింగూ మమ్మల్ని పిలిచి చూపించాకే తర్వాత పనికి వెళ్ళాడు.

మూడో రాత్రి ఆ టౌన్‌లోనే లాడ్జి. రూములు ఇరుకు, గోడ అవతల టీవీ తెల్లార్లూ, లిఫ్ట్ పనిచేయదు. కానీ పార్కింగ్‌లో స్తంభానికి ప్లగ్ పాయింట్ ఉంది, వాచ్‌మన్ తనే వైరు లాగి ఇచ్చాడు. కొత్త బ్యాటరీ షాపులో 12.5 ఉంది, ఏజీఎంకి నిండుగా ఉంటే 12.8 పైన ఉండాలి కాబట్టి పెద్దాయన దగ్గర అడిగి తెచ్చిన చార్జర్ పెట్టి రాత్రంతా ఉంచాం. పొద్దున తీసేసి గంట ఆగి చూస్తే 12.9. ట్రిప్ మొత్తంలో నేను ఎక్కువ మార్కులు వేసే బస ఇదే, మా ఆవిడ మాత్రం అస్సలు ఒప్పుకోదు.

నాలుగో రోజు తిరుగు దారి, మళ్ళీ అదే రాళ్ళబాట, అదే వాగు. నీళ్ళు తగ్గాయి, వించ్ అవసరమే పడలేదు, బావకి కాస్త నిరాశ కూడా. దాటాక ఒడ్డున ఆపి బానెట్ ఎత్తి స్పానర్ తీసుకున్నాడు. కొత్త క్లాంప్ బోల్టు అప్పటికే అర చుట్టు వదులైంది. బిగించి, బ్యాటరీని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసి, "ఊ, పద" అన్నాడు.