భరత్‌పూర్ చూసి సిన్సినీ వదిలేయకండి

రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఉన్న లోహగఢ్ కోటలో గైడుకి 600 ఇస్తే మొదట చెప్పిన మాట, ఈ కోట ఏనాడూ ఎవరికీ లొంగలేదని. అది తప్పు. 1805లో బ్రిటిష్ సేనాపతి లార్డ్ లేక్ నాలుగుసార్లు దాడి చేసి ఓడిపోయాడు, అంతవరకు నిజం. బయటి గోడ మట్టిది కాబట్టి ఫిరంగి గుళ్లు అందులో దిగబడిపోయాయి, చుట్టూ సుజాన్ గంగ కందకం ఉండనే ఉంది. కానీ 1826 జనవరిలో ఇంకో బ్రిటిష్ సేనాపతి కాంబర్‌మియర్ సేన గోడ కింద సొరంగం తవ్వి, మందుగుండు కూరి పేల్చి లోపలికి వచ్చింది. ఆ సంగతి అడిగితే గైడు గొంతు పెంచాడు. డబ్బు తీసుకుని సగం చరిత్ర దాచడం అన్యాయం.

భరత్‌పూర్ జాట్ రాజు సూరజ్‌మల్ కన్నా ముందు ఇక్కడ ఇంకో జాట్ వంశం వాళ్ల మట్టికోట ఉండేదని కూడా చెప్పడు. సోగర్ ఊరి వాళ్లు సోగర్‌వాల్‌లు, సిన్సినీ ఊరి వాళ్లు సిన్సిన్‌వార్‌లు. ఊరి పేరు మనకి ఇంటిపేరైనట్టే అక్కడ అది ‘గోత్’ అవుతుంది. 1733లో సిన్సిన్‌వార్ సూరజ్‌మల్, సోగర్‌వాల్ ఖేమ్‌కరణ్ నుంచి ఆ కోట లాక్కున్నాడు. ఇది తెలియకపోతే లోహగఢ్ ఉత్త గోడలే.

అందుకే సిన్సినీ వెళ్లాలి. డీగ్ పట్టణానికి దక్షిణాన దాదాపు 13 కిలోమీటర్లు. భరత్‌పూర్ నుంచి డీగ్ వెళ్లి రావడానికి కారు 1,800కి ఒప్పుకున్న డ్రైవరు, దారి మధ్యలో సిన్సినీ అనగానే ఇంకో 700 అడిగాడు. బయల్దేరకముందే ఊరి పేరు చెప్పి, తిరిగే కిలోమీటర్లతో సహా రేటు తేల్చుకోండి. అక్కడ ప్యాలెస్‌లు ఉంటాయని ఆశపడొద్దు, పెద్దవాళ్లు చెప్పేది వినడానికే వెళ్లండి. బయానా వైపు నుంచి వచ్చిన యాదవ వంశం తమదన్నది వాళ్లు తరతరాలుగా చెప్పుకునే మాట. వంశావళి పోథీలు (చేతిరాత పుస్తకాలు) జగాల దగ్గర, అంటే వంశచరిత్రలు రాసి ఉంచేవాళ్ల దగ్గర ఉంటాయి. చరిత్రకి గట్టిగా అందేది మాత్రం 1680ల్లో మొఘలుల మీద తిరగబడిన సిన్సిన్‌వార్ నాయకుడు రాజారాం నుంచే. ఆయన 1688లో చనిపోయాడు, 1690లో సిన్సినీ మొఘలుల వశమైంది. 1722లో సూరజ్‌మల్ తండ్రి బదన్ సింగ్ చేతికి అధికారం వచ్చాక డీగ్ రాజధాని అయింది. సిన్సిన్‌వార్‌లు ఇప్పుడు భరత్‌పూర్, డీగ్, మథుర, ఆగ్రా పల్లెల్లో ఎక్కువ. ‘ఫౌజ్‌దార్’ అని పేరు పెట్టుకునేవాళ్లలో వీళ్లూ, సోగర్‌వాల్‌లూ ఉన్నారు.

గోత్ ఏదని అడిగితే భారద్వాజ, కాశ్యప అనకండి, వాళ్లు అడిగేది వంశం పేరు. సొంత గోత్‌లోనే కాదు, తల్లి గోత్‌లో కూడా పెళ్లి కుదుర్చుకోరు. మన మేనరికం సంగతి చెబితే పెద్దవాళ్లు నిజంగానే నొచ్చుకుంటారు. మాతో వచ్చిన పిన్నిగారు చెప్పనే చెప్పారు, ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

డీగ్ ప్యాలెస్ టికెట్ 25 రూపాయలు, అంతకు ఎన్నో రెట్ల విలువ. గోపాల్ భవన్ ముందు పాలరాతి ఉయ్యాల ఉంది. ఫౌంటెన్లకి నీళ్లిచ్చే పెద్ద తొట్టి మేడ పైన ఉంటుంది. దాని గోడలో వరసగా కనిపించే కన్నాలు ఒక్కో గొట్టానికి మొదలు. వాటిలో రంగుపొడి మూటలు దోపి నీళ్లు వదిలితే చిమ్మే ధారలకి రంగు వస్తుంది. మామూలు రోజుల్లో వెళితే ఫౌంటెన్లు ఎండిపోయే ఉంటాయి, పండగలకే వదులుతారు. రోజూ నడుస్తాయని చెప్పే డ్రైవర్లని నమ్మకండి.