ఫెయిరీ గార్డెన్ కిట్: ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అయ్యాక

ఆన్‌లైన్‌లో ఏదైనా కొనేముందు నేను రివ్యూలు పూర్తిగా చదువుతాను. వాటిలో సగం డబ్బా విప్పిన రోజే రాసినవి. 'సూపర్', 'పాపకి బాగా నచ్చింది', అయిపోయింది. షోరూం ముందర నిలబడి బండి మైలేజీ చెప్పినట్టు ఉంటుంది అది. నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఎక్కువ కాలం తిరుమల ఘాట్ రోడ్డు మీదే గడిచింది. బండి సంగతి మొదటి వానకి గానీ బయటపడదు. అందుకే పోయిన ఏప్రిల్‌లో ఇంటికొచ్చిన ఫెయిరీ గార్డెన్ కిట్ (ఫెయిరీ అంటే ఇంగ్లీషు కథల్లోని రెక్కల పిల్ల, దానికి బుల్లి ఇల్లు, తోట పెట్టుకునే బొమ్మల సెట్టు ఇది) గురించి ఈ ఏప్రిల్‌లో రాస్తున్నా.

కంపెనీ పేరు రాయను. అదే ఇల్లు, అదే వంతెన, అవే పుట్టగొడుగులు పది పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి రాసి లాభం లేదు. ధర 1,349 రూపాయలు. బెంగుళూరులో ఉండే మా అమ్మాయి, సెలవులకు వచ్చే మనవరాలి కోసమని తిరుపతి జీవకోనలోని మా ఇంటి అడ్రసుకి ఆర్డరు పెట్టింది. ముప్పై రెండు ముక్కలని రాసి ఉంది. లెక్కపెడితే సరిపోయింది, కాకపోతే నిచ్చెనని ఒకటిగా, దాని రెండు కొక్కేలని రెండుగా లెక్కేశారు.

ఫొటోలో ఇల్లు చూస్తే పిల్లి దూరేంత ఉంటుందనుకున్నాం. స్కేలు పెట్టి కొలిచాను, తొమ్మిది సెంటీమీటర్లు. ఫెయిరీ ఐదు. ఇంటి తలుపు మూడు. ఇది ముందుగా కనిపెట్టింది మా చిన్ని.

"తాతా, ఇది లోపలికి ఎట్లా పోతుంది?"

"వంగి పోతుందిలే."

"రెక్కలుంటే ఎట్లా వంగుతుంది?"

దానికి నా దగ్గర సమాధానం లేదు, కంపెనీ దగ్గరా ఉండదు. కొనేవాళ్ళు ఫొటో చూడకుండా, కింద చిన్న అక్షరాల్లో రాసిన కొలతలు చూడండి.

పెరట్లో మా అమ్మ కాలం నాటి సిమెంటు కుడితి తొట్టి ఒకటుంది. ఆవులు పోయి ఇరవై ఏళ్ళయింది, తొట్టి మాత్రం సపోటా చెట్టు కింద అట్లానే పడి ఉంది. నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతు. అడుగున నాలుగు చోట్ల డ్రిల్లు వేసి చిల్లులు పెట్టాను. వాటి మీద పగిలిన పెంకులు పరిచి, ఆపైన రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన గొర్రె ఎరువు కలిపి నింపాను. పదమూడు బాండ్లీలు పట్టింది. కిట్‌తో వచ్చే కాగితంలో ఈ సంగతి ఒక్క ముక్క లేదు. 'అందమైన మీ తోటలో అమర్చుకోండి' అని ఉంది, అంతే. తోట ఎక్కడి నుంచి రావాలో?

ఇక నాచు. ఒక కవరునిండా పచ్చగా నాచు ఇచ్చారు. అది ఎండబెట్టి రంగేసిన నాచు. నీళ్ళు చల్లగానే రంగు దిగి చిన్ని చేతులు, గౌను, మా ఆవిడ ఆరేసిన తువ్వాలు అన్నీ పచ్చబడ్డాయి. మూడో రోజుకి అది కొబ్బరిపీచు రంగుకి తిరిగింది. బతికున్న నాచు కోసమని కరకంబాడి రోడ్డులో ఒక నర్సరీకి పోయాను. అక్కడి అబ్బాయి నిజాయితీపరుడు. "సార్, ఇక్కడ మే నెలలో 42 డిగ్రీలు కొడుతుంది. నాచు అమ్మితే వారంలో మీరే వచ్చి నన్ను తిడతారు" అని చెప్పి, చిన్నాకు జేడ్ కొమ్మలు రెండు, సరస్వతి ఆకు ఒక గుత్తి, గుప్పెడు టేబుల్ రోజా తుంపులు ఇచ్చాడు. అన్నీ కలిపి 160 రూపాయలు. జేడ్ కొమ్మని కొంచెం కత్తిరిస్తే అచ్చం పెద్ద చెట్టు మరుగుజ్జయినట్టే ఉంటుంది. టేబుల్ రోజా పొద్దున ఎండకి విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది కాబట్టి, అది చూడటానికైనా చిన్ని తొందరగా లేచేది.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. అన్నిటికీ ఒకే మగ్గుతో నీళ్ళు పోశాను. సరస్వతి ఆకుకి తేమ కావాలి, జేడ్‌కి మట్టి ఆరాలి. ఒక జేడ్ కొమ్మ మొదలు మెత్తబడి కుళ్ళింది. రెండోదాన్ని పైకి, మట్టి దిబ్బ మీదకి మార్చాక నిలబడింది.

మట్టి దిబ్బ అన్నాను కదా. కిట్‌లోని ఇల్లు, బావి, వంతెన, తెల్ల కంచె అన్నీ పెట్టి చూస్తే తోట మొత్తం ఇంగ్లండు పల్లె బొమ్మలా ఉంది. చిన్ని కాసేపు చూసి, "తాతా, కొండ యాడుంది?" అంది. మా ఇంటి వాకిట్లో నిలబడితే ఎదురుగా శేషాచలమే. కొండ లేని ఊరు ఆ పిల్లకి ఊరులాగే కనపడలేదు. ఏడు కొండలూ పెట్టాలంది. తొట్టిలో మూడే పట్టాయి. మిగతా నాలుగూ వెనకాల ఉన్నాయనుకోమన్నాను. కొండన్నాక రోడ్డు ఉండాలి, రోడ్డు వేయడం నాకు వదిలేశారు.

ఒక రోడ్డుతో సరిపోదు. మన దగ్గర ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. పాత ఘాట్ రోడ్డులో దిగుతాం, రెండో దాంట్లో ఎక్కుతాం. రెండూ వేశాను, వేలెడు వెడల్పున. మలుపు దగ్గర బయటి అంచు కొంచెం ఎత్తుగా, లోపలి అంచు పల్లంగా రావాలి, లేకపోతే బండి బయటికి లాగుతుంది. మట్టి రోడ్డుకి అదంతా దేనికని మా ఆవిడ నవ్వింది గానీ, చిన్ని అగ్గిపెట్టెతో చేసిన ఎర్రబస్సుని ఆ మలుపులో తిప్పినప్పుడు పల్టీ కొట్టలేదు. కిట్‌లోని తెల్ల కంచె ముక్కల్ని ప్యారాపెట్ గోడగా మలుపుల్లో గుచ్చాం. కంచెకి అంతకన్నా మంచి ఉపయోగం ఉండదు. అది గట్టి ప్లాస్టిక్, ఈరోజుకీ చెక్కుచెదరలేదు.

పుట్టగొడుగు కప్పు ఇల్లు కొండ మీద పెడదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "స్వామి ఉండాల్సిన చోట ఆ రెక్కల పిల్లని కూర్చోబెడతారా?" అంది. పోనీ చిన్న గుడి కడదామంటే, "కడితే రోజూ నైవేద్యం పెట్టాల. ఎవరు పెడతారు?" అంది. అదీ నిజమే. కొండ మీద జేడ్ చెట్టు మాత్రం ఉంచి, ఫెయిరీ ఇల్లు కింద అలిపిరి దగ్గర పెట్టాం.

చిన్ని ఫెయిరీలు నిజంగా ఉంటాయా అని అందరినీ అడిగింది. మా ఆవిడ తన పుట్టింటి ఊరి చెరువుగట్టు మీద ఏడు రాళ్ళకి పసుపు రాసి అక్కదేవతలని మొక్కేవాళ్ళని చెప్పింది. మా అమ్మాయి ఫోనులో పాత ఫొటోలు చూపించింది. 1917లో ఇంగ్లండులో కాటింగ్లీ అనే పల్లెలో అక్కచెల్లెళ్ళ వరసయ్యే ఇద్దరు ఆడపిల్లలు కాగితం మీద ఫెయిరీలు గీసి, కత్తిరించి, టోపీలకి గుచ్చే పిన్నులతో నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారట. డిటెక్టివ్ కథల కానన్ డాయల్ అంతటివాడు నమ్మి పత్రికలో రాశాడు. 1983లో, ముసలివాళ్ళయ్యాక, బొమ్మలేనని ఒప్పుకున్నారు. ఆ పిన్నుల సంగతి మాత్రం నాకు పనికొచ్చింది. మా కిట్ ఫెయిరీ కాళ్ళ కింద దిమ్మె లేదు, గాలికి పడిపోతోంది. సైకిలు చువ్వ ముక్క ఒకటి వేడి చేసి కాలిలో గుచ్చి మట్టిలో దింపాను. ఆ తర్వాత గాలికి పడలేదు.

కోతికి మాత్రం పడింది. సపోటాల కోసం వచ్చిన గుంపులో ఒకటి కాయ వదిలి ఫెయిరీని పీక్కుని, గోడెక్కి, కొరికి చూసి పారేసింది. ఒక రెక్క పక్కింటి వాటర్ ట్యాంకు మూత మీద దొరికింది. రెండోది ఇంతవరకు లేదు. ఒంటి రెక్కతోనే అతికించాను. ఇది కంపెనీ తప్పు కాదు, మా ఊరి తప్పు. కొండ పక్కన ఇళ్ళున్నవాళ్ళు బొమ్మల్ని పళ్ళ చెట్టు కింద పెట్టకండి.

రంగు విషయం కంపెనీదే. ఇవి రెజిన్ బొమ్మలు, పైన వేసిన రంగు పల్చన. 'బయట పెట్టుకోవచ్చు' అని డబ్బా మీద అచ్చేశారు. జూన్ మొదటి వారానికి ఎర్ర కప్పు గులాబీ రంగుకొచ్చింది, పుట్టగొడుగుల మీది చుక్కలు మాయమయ్యాయి, ఫెయిరీ మొహానికి కళ్ళు లేవు. చిన్ని స్కెచ్ పెన్నుతో కళ్ళు పెట్టింది, కొంచెం కోపంగా వచ్చాయి. ఇంటికి రంగు మళ్ళీ వేసి క్లియర్ వార్నిష్ రెండు కోట్లు కొట్టాక ఇప్పటిదాకా నిలిచింది. మీరు కొంటే డబ్బా విప్పిన రోజే వార్నిష్ కొట్టండి. కిట్‌తో ఇచ్చిన లైట్ల సంగతి అడక్కండి. బటన్ సెల్లులు నాలుగు రాత్రులకే అయిపోయాయి.

నీలం గులకరాళ్ళతో చెరువు చేసుకోమన్నారు. చిన్నికి నిజం నీళ్ళే కావాలి, అదీ పుష్కరిణి కావాలి. మట్టి మూకుడు ఒకటి పాతి నీళ్ళు పోశాం. తను వెళ్ళిపోయాక నేను పట్టించుకోలేదు, ఎనిమిదో రోజు చూస్తే అందులో దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. మూకుడెడు నీళ్ళు చాలు డెంగీ దోమకి. ఇప్పుడు మూడు రోజులకోసారి పారబోసి, తోమి, మళ్ళీ నింపుతున్నా.

అసలు పరీక్ష కార్తీకంలో వచ్చింది. మనకి గట్టి వానలన్నీ ఈశాన్య రుతుపవనాలవే కదా. 2021 నవంబరులో కొండచరియలు విరిగి ఘాట్ రోడ్డు మీద పడ్డప్పుడు చూసినవాణ్ణి, అయినా నా రోడ్డుకి సైడు కాలువ తీయడం మర్చిపోయాను. రెండు రాత్రుల వానకి ఎక్కే దారి మొత్తం కొట్టుకొచ్చి అలిపిరిలో ఇంటి తలుపు దాకా మేట వేసింది. ఇల్లు నాలుగు రోజులు బురదలో ఉంది. కడిగితే మళ్ళీ ఇల్లే. దానికి మాత్రం నేను పూర్తి మార్కులు వేస్తా. ఈసారి కొండవైపున కాలువ తీసి, మలుపుల కింద చిన్న రాళ్ళు పేర్చి కట్టాను.

అదే వానల్లో ఇంకోటి కూడా జరిగింది. దసరా సెలవులకు మా అమ్మాయివాళ్ళు కారులో వస్తూ పలమనేరులో ఆగి మట్టిబొమ్మలు కొన్నారు. ఒక ఎద్దులబండి, రెండు కుండలు, ఒక గుడిసె, అన్నీ కలిపి 220. పూత లేని కాల్చిన మట్టి. వాన వెలిసేసరికి గుడిసె కప్పు మీద సన్నగా, మెత్తగా, పచ్చగా నాచు పట్టింది. కవరులో డబ్బులకిచ్చిన నాచు మూడు రోజులు లేదు, ఇది అడక్కుండా వచ్చింది. ఎండలు ముదిరాక ఎండిపోయింది, వానలకి మళ్ళీ వస్తుంది. వెలిసిపోవడానికి ఆ గుడిసెకి రంగే లేదు.

కిట్‌కి ఐదుకి రెండున్నర ఇస్తున్నా. ఆ రెండు ఇంటికి, కంచెకి. అర వంతెనకి. ఇల్లు, కంచె విడిగా ఎవరైనా 400కి అమ్మితే కళ్ళు మూసుకుని కొనండి, మిగతావి పలమనేరులో తీసుకోండి.

గంగమ్మ జాతరకి చిన్ని వస్తోంది. కొత్త ఫెయిరీ కొననా అని ఫోనులో అడిగితే వద్దంది, ఒంటి రెక్కదే ఉండాలట. ఎక్కే దారి మూడో మలుపు దగ్గర టీకొట్టు కావాలంది. ఘాట్ రోడ్డు మలుపులో బండి ఆపకూడదని చెప్పాను. వినలేదు. సిగరెట్ పెట్టె అట్టతో చేస్తున్నా, బల్ల అయింది, కప్పు మిగిలింది.