గీతలు పోగొడతామని ఇంటికొచ్చే పాలిష్ వాళ్లతో జాగ్రత్త (నల్లగొండ)

నల్లగొండలో మా కాలనీకి బండి మీద ఒకాయన వచ్చి, ఫర్నిచర్ మీద గీతలు తీసి కొత్తదానిలా చేస్తానన్నాడు. అమ్మ డైనింగ్ టేబుల్ చూపించింది. గిన్నెలు జరిపిన గీతలు, వేడి గిన్నె పెట్టిన తెల్ల మచ్చ తప్ప దానికి వేరే లోపం లేదు. అది ఏ చెక్క, పైన ఏ పాలిష్ ఉంది అని ఒక్క మాట అడగకుండా నేరుగా అరగదీసే మెషీన్ పెట్టేశాడు.

ఆ పలక మొత్తం టేకు కాదు, ప్లైవుడ్ మీద అంటించిన టేకు వినీర్, అంటే పలచని చెక్క పొర. ఆ పొర చాలావరకు అర మిల్లీమీటరు దగ్గరే ఉంటుంది. ఒక మూల అరిగిపోయి లోపలి ప్లై బయటపడింది. దానికి లప్పం పెట్టి, ముదురు రంగు కొట్టి, 3,500 రూపాయలు తీసుకుపోయాడు. తడిబట్టతో తుడిస్తే రంగు ఊడి వస్తోంది, లప్పం పెచ్చులుగా లేస్తోంది. ఫోన్ ఎత్తడం లేదు. తెలిసిన వడ్లాయనకు చూపిస్తే, పైపొర మొత్తం తీసి కొత్త వినీర్ అంటించాల్సిందే అన్నాడు. అమ్మ బాధ చూడలేకపోతున్నాను.

మెషీన్ పెట్టనిచ్చే ముందు పలక అంచు చూడండి. పలక మొత్తం ఒకే చెక్కయితే పైనున్న చెక్క సహజ చారలు కోసిన అంచులోనూ కొనసాగుతాయి. వినీర్ అయితే అంచుకు వేరే పట్టీ అంటించి ఉంటుంది. తర్వాత, కనపడని చోట దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్దండి. జిగటగా మారితే అది లక్క పాలిష్. దాని మీద గీతలను సన్నని ఎమ్రీ పేపర్‌తో చేత్తో మెల్లగా రుద్ది, మళ్లీ లక్క పాలిష్ పట్టిస్తే పాత పొరలో కలిసిపోతుంది. పీయూ (పాలీయురేథేన్) పాలిష్ అలా కలవదు, గీత ఉన్నచోటే వేస్తే అతుకు కనిపిస్తుంది. వేడికి వచ్చే తెల్ల మచ్చయితే చాలాసార్లు తేమ పాలిష్ పొరలోనే చిక్కుకుని వస్తుంది, చెక్క దాకా పోదు. దానికి మెషీన్ ఎందుకు? గోరుకు తగలని సన్న గీతలకూ అంతే, రంగు కలిసే మైనం చాలు. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం ఏ పాలిష్ పనీ పెట్టుకోకండి, పొర తెల్లగా మసకబారుతుంది.

పని చేసే మనిషిని ముందు బల్ల అడుగున జానెడు చోట చేసి చూపించమనండి. ఆరాక తడిబట్టతో తుడిచి చూసి, అప్పుడే డబ్బులివ్వండి. ఒప్పుకోకపోతే గేటు దగ్గరి నుంచే పంపించేయండి.